బ్రిటన్‌లో సివిల్ పార్ట్‌నర్‌షిప్: సంతకంతో దక్కేవి, సంతకం ఉన్నా దక్కనివి

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇద్దరు ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నా, పిల్లల్ని కన్నా, ఇంటి అప్పు చెరిసగం కట్టినా, రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టకపోతే వారసత్వం విషయంలో చట్టానికి వాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. ఇన్నేళ్లు కలిసి ఉంటే పెళ్లయినట్టేనన్న నమ్మకం అక్కడివాళ్లలోనూ గట్టిగానే ఉంది. మనవాళ్లలో అది ఇంకాస్త గట్టిగా ఉండటానికి కారణం ఉంది: దీర్ఘకాలం భార్యాభర్తల్లా బతికినవారికి పెళ్లయినట్టు భావించవచ్చని భారత న్యాయస్థానాలు చాలా తీర్పుల్లో చెప్పాయి. ఆ ధైర్యం ఇంగ్లండ్‌లో పనికిరాదు. అక్కడ చట్టం కాపురం వయసు చూడదు, రిజిస్టర్ చూస్తుంది.

ఆ రిజిస్టర్‌లోకి ఎక్కడానికి రెండు దారులు: పెళ్లి, లేదా పెళ్లి కాకుండానే దాదాపు అవే హక్కులిచ్చే సివిల్ పార్ట్‌నర్‌షిప్ అనే చట్టబద్ధ నమోదు. రెండో దారిని 2004 నాటి సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టం తెరిచింది. అది 2005 డిసెంబరు 5న అమల్లోకి వచ్చింది. అప్పట్లో పెళ్లికి అవకాశం లేని స్వలింగ జంటల కోసమే దాన్ని చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2014 మార్చిలో స్వలింగ వివాహాలు మొదలవడంతో పరిస్థితి తలకిందులైంది. స్వలింగ జంటలకు రెండు దారులు, స్త్రీపురుష జంటలకు ఒకే దారి మిగిలాయి. ఇది వివక్షేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2018 జూన్ 27న స్టైన్‌ఫెల్డ్, కైడన్ అనే స్త్రీపురుష జంట వేసిన కేసులో తేల్చింది. ఆ తీర్పు ఫలితంగా 2019 డిసెంబరు 31 నుంచి స్త్రీపురుష జంటలు కూడా సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదు చేసుకుంటున్నారు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు నిబంధనలు వేరు. ఇక్కడ చెప్పేవన్నీ ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించినవి.

పన్ను, పింఛను, వారసత్వం, వీసా, పిల్లల విషయాల్లో బ్రిటన్ గడ్డ మీద ఈ హోదాకూ పెళ్లికీ తేడా దాదాపు లేదు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. సంతకంతోనే అన్నీ వచ్చేశాయనుకుని వీలునామా, వైద్య అధికార పత్రం లాంటివి వదిలేయడం మొదటిది. ఈ హోదా భారత్‌లో దిగగానే చెల్లకుండా పోవడం రెండోది. తెలుగు జంటలు ఎక్కువ నష్టపోయేది ఈ రెండోచోటే.

నమోదు ఎలా జరుగుతుంది

ఇద్దరికీ 18 ఏళ్లు నిండాలి. 2023 ఫిబ్రవరి 27కు ముందు తల్లిదండ్రుల అంగీకారంతో 16 ఏళ్లకే కుదిరేది, ఇప్పుడు కుదరదు. ఇద్దరూ తమ ప్రాంతపు రిజిస్టర్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి నోటీసు ఇవ్వాలి. అంతకుముందు కనీసం ఏడు పూర్తి రోజులు ఆ పరిధిలో నివసించి ఉండాలి. పాస్‌పోర్టు, చిరునామా రుజువు, గతంలో పెళ్లయి ఉంటే అది ముగిసినట్టు రుజువు చూపాలి. నోటీసు 28 రోజులు ప్రదర్శనలో ఉంటుంది, ఏడాది పాటు చెల్లుతుంది. ఫీజు మనిషికి 42 పౌండ్లు. వలస నిబంధనలు వర్తించేవారికి 57 పౌండ్లు. ఈ అంకెలు తరచూ మారుతుంటాయి కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగడం మంచిది.

స్కిల్డ్ వర్కర్ వీసానో, స్టూడెంట్ వీసానో ఉన్నవారు ఇక్కడే తడబడతారు. బ్రిటిష్ లేదా ఐరిష్ పౌరసత్వం, శాశ్వత నివాస హక్కు, ఈ పని కోసమే ఇచ్చిన వీసా: వీటిలో ఏదో ఒకటి ఇద్దరికీ ఉండాలి. ఒక్కరికి లేకపోయినా, ఇద్దరూ కలిసి, అందుకు కేటాయించిన రిజిస్టర్ ఆఫీసుకే వెళ్లాలి. వివరాలు వలసల వ్యవహారాలు చూసే హోం ఆఫీసుకు వెళతాయి. వాళ్లు విచారణ అవసరమనుకుంటే 28 రోజుల గడువు 70 రోజులవుతుంది. విచారణకు సహకరించకపోతే ఆ నోటీసుతో నమోదు చేయరు. హాలు, భోజనాలు మాట్లాడేసుకుని, బంధువులకు టికెట్లు కొనేసిన తర్వాత ఈ 70 రోజుల సంగతి తెలిసి తేదీ మార్చుకునే జంటలు ఉంటాయి. నోటీసు ఇచ్చి, గడువు తేలాకే ముహూర్తం పెట్టుకోవాలి. మామూలు విజిటర్ వీసాతో వచ్చి నమోదు చేసుకోవడం కుదరదు. దానికి మ్యారేజ్ విజిటర్ వీసా ఉంది, అది సివిల్ పార్ట్‌నర్‌షిప్‌కూ వర్తిస్తుంది.

నమోదు రోజు చట్టం కోరేది చాలా తక్కువ. ఇద్దరు సాక్షుల ఎదుట, రిజిస్ట్రార్ సమక్షంలో ఇద్దరూ సంతకం పెడితే చాలు. పెళ్లిలో నిర్దిష్టమైన మాటలు పలకడం తప్పనిసరి, ఇందులో ఒక్క మాటా పలకనక్కర్లేదు. సంతకాలు జరిగే వేళ మతపరమైన క్రతువు ఉండకూడదు. జీలకర్ర-బెల్లం, తాళి ముచ్చట తీర్చుకోవాలనుకుంటే దాన్ని విడిగా జరుపుకోవచ్చు. కానీ ఆ వేడుకకు సొంతంగా చట్టబద్ధత ఏమీ ఉండదు, సంతకానిదే చెల్లుబాటు.

మేనరికాల దగ్గర జాగ్రత్త అవసరం. మేనత్త కొడుకు, మేనమామ కూతురు వరస ఇంగ్లండ్ చట్టానికి అభ్యంతరం కాదు. మేనమామ-మేనకోడలు వరస మాత్రం నిషిద్ధ బంధుత్వాల పట్టికలో ఉంది. ఆచారం ఉన్న కుటుంబాలకు హిందూ వివాహ చట్టం ఇచ్చిన మినహాయింపు అక్కడి రిజిస్టర్ ఆఫీసులో పనిచేయదు.

పాత పెళ్లి ఉంటే

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇదే. గుడిలో జరిగిన పెళ్లి, ఊళ్లో పందిరి వేసి చేసిన పెళ్లి, ఎక్కడా రిజిస్టర్ కాని పెళ్లి కూడా హిందూ వివాహ చట్టం కింద పెళ్లే. సప్తపది లాంటి ఆచారబద్ధమైన తంతు జరిగి ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ లేకపోవడం వల్ల అది రద్దు కాదు. అలాంటి పెళ్లి ఒకటి ఉండగా ఇంగ్లండ్‌లో నమోదు చేసుకున్న సివిల్ పార్ట్‌నర్‌షిప్ మొదటి నుంచీ చెల్లదు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే అది నేరం. పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న విడాకుల కాగితం మీద ఆధారపడటం కూడా ఇలాంటిదే. కొన్ని సామాజికవర్గాల ఆచార విడాకులను హిందూ వివాహ చట్టం కాపాడినా, ఆ ఆచారం ఉన్నట్టు రుజువు చేయాల్సి ఉంటుంది. రిజిస్ట్రార్ అడిగేది కోర్టు ముద్ర ఉన్న డిక్రీ. అది తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం కూడా కావాలి.

దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ ఉన్న వ్యక్తి, ఇంట్లోవాళ్ల ఒత్తిడికి తలొగ్గి ఇండియాలో వేరొకరిని పెళ్లి చేసుకోవడం. భారత్‌లో ఆ మొదటి హోదాకు గుర్తింపు లేదు కదా అని కుటుంబం సర్దిచెప్పుకోవచ్చు. ఇంగ్లండ్ చట్టం మాత్రం ఆ రెండో పెళ్లిని చెల్లనిదిగానే చూస్తుంది. ఆ పెళ్లి ఆధారంగా వీసాకు దరఖాస్తు చేసిన అమ్మాయి జీవితం ఏ తప్పూ లేకుండా రెండు చట్టాల మధ్య ఇరుక్కుంటుంది.

డబ్బు దగ్గర తేడా ఎంత

ఒక జంటకు 6,00,000 పౌండ్ల ఆస్తి ఉందనుకుందాం. అంతా ఒకరి పేరు మీదే ఉంది, ఒక బిడ్డ ఉంది, వీలునామా లేకుండా ఆ వ్యక్తి చనిపోయాడు. సివిల్ పార్ట్‌నర్ అయితే ఇంట్లోని వస్తువులతోపాటు మొదటి 3,22,000 పౌండ్లు, మిగిలిన 2,78,000లో సగం కలిపి మొత్తం 4,61,000 పౌండ్లు అందుతాయి. బిడ్డకు 1,39,000. పిల్లలు లేకపోతే ఆస్తి మొత్తం పార్ట్‌నర్‌దే. సంతకం లేని సహచరికి ఇదే పరిస్థితిలో సున్నా. బిడ్డ ఉంటే బిడ్డకు, లేకపోతే విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు ఆస్తి వెళ్తుంది. రెండేళ్లు కలిసి ఉన్న సహచరికి 1975 నాటి వారసత్వ (కుటుంబం, ఆధారితుల పోషణ) చట్టం కింద కోర్టును ఆశ్రయించే వీలుంది. ప్రొబేట్ (మృతుని ఆస్తి వ్యవహారాలు చూసే అధికార పత్రం) మంజూరైన ఆరు నెలల్లోపు వేయాలి, ఖర్చు భారీగా ఉంటుంది, దక్కేది పోషణకు సరిపడేంత మాత్రమే.

వీలునామా రాసినంత మాత్రాన సంతకం లేని జంటల సమస్య తీరదు. అదే 6,00,000 పౌండ్లను వీలునామా ద్వారా సహచరికి రాస్తే, 3,25,000 దాటిన మొత్తంపై 40 శాతం, అంటే 1,10,000 పౌండ్లు వారసత్వ పన్ను కింద పోతాయి. సివిల్ పార్ట్‌నర్‌కు రాస్తే పన్ను లేదు. ఒక్క మెలిక ఉంది. 2025 ఏప్రిల్ 6 నుంచి ఈ మినహాయింపు నివాస కాలంతో ముడిపడింది. చనిపోయిన వ్యక్తి గత 20 ఏళ్లలో కనీసం 10 ఏళ్లు బ్రిటన్‌లో పన్ను నివాసిగా ఉండి, బతికున్న పార్ట్‌నర్ అంతకాలం లేకపోతే మినహాయింపు 3,25,000 పౌండ్ల దగ్గర ఆగుతుంది. ముందు ఒకరు వెళ్లి స్థిరపడి, ఏళ్ల తర్వాత రెండోవారు చేరిన జంటలు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

జీవించి ఉండగా వచ్చే ప్రయోజనం చిన్నదే. ఆదాయం తక్కువ ఉన్నవారు తమ పన్ను రహిత పరిమితిలో 1,260 పౌండ్లను బేసిక్ రేటు పన్ను కట్టే పార్ట్‌నర్‌కు బదలాయిస్తే ఏడాదికి 252 పౌండ్ల వరకు మిగులుతుంది. నాలుగేళ్ల వెనక్కి వెళ్లి కూడా అడగవచ్చు. దీన్ని క్లెయిమ్ చేసి పెడతామని కమిషన్ తీసుకునే మధ్యవర్తులు ఉన్నారు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చేసుకోగలిగిన పని ఇది.

పింఛను విషయంలో వాకర్ కేసు చెప్పుకోవాలి. 2005 డిసెంబరుకు ముందు చేసిన సర్వీసును లెక్కలోంచి తీసేసి స్వలింగ భాగస్వామికి నామమాత్రపు పింఛను ఇవ్వడం చెల్లదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2017 జులై 12న తీర్పిచ్చింది. దాంతో బతికున్న పార్ట్‌నర్ పింఛనును పూర్తి సర్వీసుపై లెక్కించాల్సి వచ్చింది. ఇక భాగస్వామి చనిపోతే ప్రభుత్వం ఇచ్చే బెరీవ్‌మెంట్ సపోర్ట్ పేమెంట్: పిల్లలు లేకపోతే మొదట 2,500 పౌండ్లు, ఆపై నెలకు 100, పిల్లలుంటే మొదట 3,500, ఆపై నెలకు 350. నెలవారీ వాయిదాలు గరిష్ఠంగా 18. పూర్తి మొత్తం రావాలంటే మూడు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. పిల్లలున్న సహజీవన జంటలకూ 2023 ఫిబ్రవరి నుంచి ఇది దక్కుతోంది. పిల్లలు లేని సహజీవన జంటలకు ఇప్పటికీ దక్కదు.

యూనివర్సల్ క్రెడిట్ లాంటి సహాయం లెక్కగట్టేటప్పుడు మాత్రం సంతకం లేని జంటనూ ప్రభుత్వం ఒకే కుటుంబంగా చూసి, ఇద్దరి ఆదాయాన్నీ కలుపుతుంది. ఇవ్వాల్సిన డబ్బు తగ్గించడానికి జంట, వారసత్వానికి పరాయివాళ్లు. ఈ ధోరణి అన్యాయమే. చట్టం మారేదాకా జంటలు తమ జాగ్రత్తలో తాము ఉండక తప్పదు.

సంతకం పనిచేయని చోట్లు

సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదవగానే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది. ఈ నమోదును దృష్టిలో పెట్టుకునే రాస్తున్నట్టు అందులో స్పష్టంగా ఉంటే తప్ప నిలవదు. హైదరాబాద్‌లో ఉన్న తల్లికి నెలనెలా డబ్బు అందేలా రాసిపెట్టుకున్న ఏర్పాటు ఇలా తెలియకుండానే పోతుంది. కొత్త వీలునామా అదే నెలలో రాయించుకోవాలి.

ఆసుపత్రిలో స్పృహ లేని మనిషి తరఫున చికిత్సకు సమ్మతి ఇచ్చే అధికారం భర్తకూ, భార్యకూ, సివిల్ పార్ట్‌నర్‌కూ ఆటోమేటిక్‌గా రాదు. 'నెక్స్ట్ ఆఫ్ కిన్' (దగ్గరి బంధువు) అని ఫారంలో రాసుకోవడం సమాచారం ఇవ్వడానికే. వైద్యులు అభిప్రాయం అడుగుతారు కానీ నిర్ణయం వాళ్లదే. అధికారం కావాలంటే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం ఇచ్చే పత్రం) చేసుకోవాలి: ఆరోగ్యానికి ఒకటి, డబ్బు వ్యవహారాలకు మరొకటి. పబ్లిక్ గార్డియన్ ఆఫీసులో నమోదయ్యాకే అది పనిచేస్తుంది. నమోదుకు వారాలు పడుతుంది కాబట్టి జబ్బు వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోవచ్చు.

ఇల్లు ఒక్కరి పేరు మీదే ఉంటే రెండో పార్ట్‌నర్‌కు అందులో ఉండే హక్కును 1996 నాటి ఫ్యామిలీ లా చట్టం ఇస్తుంది. అయితే ల్యాండ్ రిజిస్ట్రీలో హెచ్‌ఆర్1 ఫారం ద్వారా ఆ హక్కును నమోదు చేయించకపోతే, ఇల్లు కొన్నవారి మీద అది పనిచేయదు. ఫీజు లేదు. నమోదు చేసిన సంగతి ఇంటి యజమానికి నోటీసుగా వెళుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఇద్దరి పేర్లూ ఉంటే అది జాయింట్ టెనెన్సీయో, టెనెన్సీ ఇన్ కామన్‌యో చూడాలి. మొదటిదైతే ఒకరు పోగానే వాటా రెండోవారికి చేరిపోతుంది. రెండోదైతే వీలునామాను బట్టి, అది లేకపోతే వారసత్వ నియమాలను బట్టి వెళ్తుంది.

కంపెనీ పింఛను పథకంలో నామినేషన్ పత్రం కూడా మార్చాలి. ఉద్యోగంలో చేరిన రోజున అన్న పేరో అక్క పేరో రాసి మరచిపోయి ఉంటారు. చాలా పథకాల్లో చివరి నిర్ణయం ట్రస్టీలది. పాత పత్రంలో వేరే పేరుంటే వాళ్లకు తేల్చడానికి నెలలు పడుతుంది.

భారత్‌లో అడుగుపెట్టాక

సివిల్ పార్ట్‌నర్‌షిప్‌కు సాటివచ్చే హోదా భారత చట్టంలో లేదు. స్వలింగ వివాహాలపై వచ్చిన సుప్రియో కేసులో భారత సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 అక్టోబరు 17న, పెళ్లి చేసుకునే ప్రాథమిక హక్కు లేదని ఏకగ్రీవంగా చెప్పింది. పెళ్లి కాకపోయినా స్వలింగ జంటల కలయికకు చట్టబద్ధ గుర్తింపు పొందే హక్కు ఉందా అన్న ప్రశ్నపై 3-2 మెజారిటీతో కాదంది. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేసింది. స్వలింగ జంటలకు ఇక్కడ మిగిలినవి చిన్న చిన్న వెసులుబాట్లే: ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డంకి లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది.

స్త్రీపురుష జంటలు ఇది తమకు సంబంధం లేని సంగతి అనుకుంటారు. కానీ వాళ్ల సివిల్ పార్ట్‌నర్‌షిప్ కూడా ఇక్కడ పెళ్లి కాదు. హిందూ వారసత్వ చట్టంలో మొదటి తరగతి వారసురాలు భార్య. సివిల్ పార్ట్‌నర్ అనే మాట ఆ చట్టంలో లేదు. గుంటూరులో స్థలం, కూకట్‌పల్లిలో ఫ్లాటు ఉన్న మనిషి వీలునామా లేకుండా పోతే, లండన్‌లో సర్వహక్కులూ ఉన్న పార్ట్‌నర్ ఇక్కడ లీగల్ హైర్ సర్టిఫికెట్‌కు కూడా నోచుకోకపోవచ్చు. ఇంగ్లండ్ వారసత్వ నియమాలు ఈ స్థలానికి వర్తించవు. స్థిరాస్తికి అది ఉన్న చోటి చట్టమే. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు సంగతీ అంతే. అందులో జీవిత భాగస్వామి కోటాకు రెండేళ్లుగా కొనసాగుతున్న, రిజిస్టరైన పెళ్లి కావాలి.

దీనికి విరుగుడు భారత్‌లోని ఆస్తికి వేరే వీలునామా. ఇద్దరు సాక్షుల సంతకం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, తర్వాత తగాదా పడే బంధువులు ఉన్నచోట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించడమే మేలు. 'నా భార్యకు' అని రాయకుండా పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలతో మనిషిని గుర్తించేలా రాయాలి. ఎందుకంటే భార్య కాదన్న వాదనే మొదట వస్తుంది. ఇంగ్లండ్‌లో రాసే వీలునామాలో 'ఇంతకుముందు రాసినవన్నీ రద్దు' అనే వాక్యం మామూలుగా ఉంటుంది. అది ఇండియా వీలునామాను కూడా తుడిచేయకుండా 'భారత్‌లోని ఆస్తికి రాసింది మినహా' అని చేర్పించాలి. నామినీ పేరుంటే చాలనుకోవద్దు. నామినీ సాధారణంగా వారసుల తరఫున డబ్బు తీసుకునే మనిషి మాత్రమేనని, వాటాలు, డిబెంచర్ల విషయంలో కూడా ఇదే సూత్రమని భారత సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో చెప్పింది.

స్త్రీపురుష జంటలో మహిళకు ఒక రక్షణ మాత్రం ఇక్కడా ఉంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 'పెళ్లి లాంటి సంబంధం'లో ఉన్న మహిళలకూ వర్తిస్తుంది. అలాంటి సంబంధానికి కొలతలేమిటో వేలుస్వామి (2010), ఇంద్ర శర్మ (2013) తీర్పులు వివరించాయి. ఇంగ్లండ్ ధ్రువపత్రాన్ని పెళ్లి రుజువుగా కాకపోయినా, ఆ సంబంధానికి సాక్ష్యంగా చూపవచ్చు.

అందువల్ల, ఇండియాలో ఆస్తి, పెద్దవాళ్లు, తిరిగి వచ్చే ఆలోచన ఉన్న స్త్రీపురుష తెలుగు జంటకు సివిల్ పార్ట్‌నర్‌షిప్ కంటే రిజిస్టర్ పెళ్లే క్షేమం. భర్త, భార్య అనే పాత్రలు, పెళ్లి తంతు తమకు వద్దన్న అభిప్రాయం గౌరవించదగ్గదే. కానీ ఆ అభిప్రాయానికి ఇక్కడి రెవెన్యూ ఆఫీసులో చెల్లించే మూల్యం ఎక్కువ. ఒకసారి ఆ దారి ఎంచుకున్నాక మార్చుకోవడమూ తేలిక కాదు. స్వలింగ జంటలు సివిల్ పార్ట్‌నర్‌షిప్‌ను పెళ్లిగా మార్చుకోవచ్చు, స్త్రీపురుష జంటలకు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ వీలు కల్పించలేదు.

విడిపోవాలంటే

నమోదై ఏడాది గడిచాకే రద్దుకు దరఖాస్తు చేయగలరు. 2022 ఏప్రిల్ 6 నుంచి తప్పెవరిదో చెప్పనక్కర్లేదు. బంధం కోలుకోలేనంతగా చెడిపోయిందన్న ప్రకటన చాలు, ఒక్కరైనా వేయవచ్చు, ఇద్దరూ కలిసైనా వేయవచ్చు. కోర్టు దరఖాస్తును జారీ చేశాక 20 వారాలు ఆగితే కండిషనల్ ఆర్డర్ (రద్దుకు అడ్డంకి లేదనే మధ్యంతర ఉత్తర్వు), ఆపై ఆరు వారాలకు ఫైనల్ ఆర్డర్ (తుది ఉత్తర్వు). అంటే అన్నీ సజావుగా సాగినా ఆరు నెలలు. భారత కోర్టులు ఈ హోదాను రద్దు చేయలేవు, ఎందుకంటే వాటి దృష్టిలో రద్దు చేయడానికి ఏమీ లేదు. హైదరాబాద్‌కు తిరిగి వచ్చేసిన జంట కూడా ఇంగ్లండ్ కోర్టుకే వెళ్లాలి. అక్కడ నమోదైన సివిల్ పార్ట్‌నర్‌షిప్ అయితే, ఇద్దరూ అక్కడ లేకపోయినా, న్యాయం దృష్ట్యా అవసరమనిపిస్తే ఆ కోర్టు స్వీకరించగలదు.

ఫైనల్ ఆర్డర్ బంధాన్ని ముగిస్తుంది, డబ్బు లెక్కలను ముగించదు. ఇల్లు, పింఛను, భరణం మీద హక్కులు విడిగా కోర్టు ఉత్తర్వుతోనే తేలాలి. ఇద్దరూ ఒప్పుకున్నా ఆ ఒప్పందాన్ని కన్సెంట్ ఆర్డర్‌గా కోర్టుతో ఆమోదింపజేసుకోకపోతే, పదేళ్ల తర్వాత కూడా మాజీ పార్ట్‌నర్ కోర్టుకెక్కవచ్చు. దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది. ఆర్థిక ఉత్తర్వు కోసం దరఖాస్తు చేయకుండానే మళ్లీ పెళ్లి చేసుకున్నా, మరో సివిల్ పార్ట్‌నర్‌షిప్‌లోకి వెళ్లినా, ఇంటిలో వాటా, ఏకమొత్తం సొమ్ము అడిగే హక్కు తనంతట తానే పోతుంది. పింఛను పంపకానికి ఈ నిషేధం లేదు, మిగతా వాటికి ఉంది. కొత్త సంబంధం ఖాయం చేసుకునే ముందే ఆ దరఖాస్తు కోర్టులో పడి ఉండాలి.